గద్ద ముక్కు ఊడగొట్టుకుంటుందా? కష్టకాలంలో ప్రకృతి నిజంగా చేసేదేమిటి

క్లుప్తంగా: కష్టాల్లో ప్రకృతిని చూసి నేర్చుకోవాలంటూ తిరిగే కథల్లో కొన్ని కట్టుకథలు, కొన్ని సగం నిజాలు. చెట్టయినా చేపయినా గడ్డుకాలం దాటేది ముందు దాచుకున్నదానితో, సమయానికి ఖర్చు తగ్గించుకోవడంతో. ఒకదానికొకటి సాయపడటం కూడా నిజమే. కాకపోతే ఒకరి దగ్గర మిగిలింది మరొకరికి కరువైన చోటే ఆ సాయం ఎక్కువగా కనిపిస్తుంది. ఇద్దరికీ కావలసింది ఒకటే అయి, అది చాలకపోతే ఒకే గూటి పిల్లలు కూడా పొడుచుకుంటాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలో ఈ రెండూ కనిపించాయి.

వరదలు, తుపాన్లు, ఇంటర్ ఫలితాలు, ఉద్యోగాల కోతలు. సందర్భం ఏదైనా వాట్సాప్ గ్రూపుల్లోకి కొన్ని ప్రకృతి పాఠాలు తప్పకుండా వచ్చి పడతాయి. నలభై ఏళ్లు నిండిన గద్ద కొండెక్కి తన ముక్కును తానే ఊడగొట్టుకుంటుందట. వెదురు ఐదేళ్లు నేలలో ఓపిక పట్టి ఆరు వారాల్లో తొంభై అడుగులు లేస్తుందట. చెట్లు నేల కింద మాట్లాడుకుని, నీరసించిన పక్క చెట్టుకు తిండి పంపుతాయట. విజయవాడ, గుంటూరుల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో వినపడేవీ ఇవే. చెట్లు పరోపకారం కోసమే కాస్తాయన్న సుభాషితం చిన్నప్పటి నుంచీ విన్నదే కాబట్టి, వీటిని నమ్మడానికి మనసు ముందే సిద్ధంగా ఉంటుంది.

ఏది నిజమో తేల్చుకోవడం సైన్సు మాస్టార్ల పట్టింపు మాత్రమే అనుకోనక్కర్లేదు. పాఠం తప్పయితే దాన్ని నమ్మి కష్టపడేవాళ్ల కష్టం కూడా దారి తప్పుతుంది.

గద్ద కథ ఎక్కడ తప్పింది

కథ ప్రకారం గద్ద ఆయుష్షు డెబ్బై ఏళ్లు. నలభై దాటేసరికి ముక్కు వంకరపోతుంది, గోళ్లు పట్టు తప్పుతాయి, ఈకలు బరువెక్కుతాయి. అప్పుడది ముక్కును రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుంది. కొత్తది మొలిచాక దాంతో గోళ్లు పీక్కుంటుంది, కొత్త గోళ్లు వచ్చాక ఈకలు. ఐదు నెలల ఈ తపస్సు తర్వాత మరో ముప్పై ఏళ్ల జీవితం.

అడవిలో పెద్ద జాతి గద్దలు కూడా ఇరవై, ముప్పై ఏళ్లు బతికితే ఎక్కువ. వాటి ముక్కు ఎముక మీద కెరాటిన్ (మన గోళ్లలో ఉండే గట్టి పదార్థం) తొడుగు. అది అరుగుతూ, పెరుగుతూ ఎప్పటికప్పుడు సరి అవుతుంటుంది కాబట్టి పనిగట్టుకుని మార్చుకోవలసిన అవసరమే రాదు. మొదలంటా ఊడిందా, మాంసం చీల్చుకోలేదు. ఐదు నెలల సంగతి అలా ఉంచితే, ఐదు వారాలు కూడా ప్రాణం నిలవదు.

ఈకలు మారడం మాత్రం నిజం, అందులోనే చూడదగ్గ సంగతి ఉంది. ప్రకాశం బ్యారేజీ మీద, చేపల మార్కెట్ల దగ్గర తిరిగే మామూలు గద్ద ఈకలు మార్చుకునే నెలల్లో తల మీదుగా వెళ్తే, రెక్క అంచులో ఒకటో రెండో సందులు కనపడతాయి. చాలాసార్లు రెండో రెక్కలోనూ దాదాపు అదే చోట సందు ఉంటుంది. ఒక ఈక రాలి దాని చోట కొత్తది చాలావరకు ఎదిగాక గానీ పక్క ఈక వంతు రాదు. ఇదంతా నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో ఒక్కరోజు కూడా వేట ఆగదు. అన్నీ వదిలేసి కొండెక్కమని కథ చెబుతుంటే, పక్షి చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

వెదురు కథలో సగం నిజం ఉంది. విత్తనం నుంచి వచ్చిన వెదురు ఐదేళ్లు మట్టిలో దాక్కోదు. మొదటి ఏడాదే సన్నటి మొలకలు పైకి వస్తాయి, ఏటేటా కాస్త లావుగా, కాస్త పొడవుగా కొత్త పిలకలు వేస్తుంది. ఈలోగా నేల కింద దుంపకాండం అల్లుకుంటుంది. పొద ముదిరాక మాత్రం కొత్త బొంగు కొద్ది వారాల్లోనే పూర్తి ఎత్తుకు చేరుతుంది. చైనాలో పెరిగే మోసో రకం కొన్ని రోజుల్లో దాదాపు మీటరు చొప్పున కూడా లేస్తుంది. ఆ దశలో కొత్త బొంగుకు ఆకులు ఉండవు, సొంత వంట లేదు. దానికి కావలసిన పిండిపదార్థం దుంపకాండంలోని నిల్వల నుంచి, పక్కనున్న పాత బొంగుల నుంచి వస్తుంది. ఒంటరి ఓపికకు గుర్తుగా చెప్పే వెదురు నిజానికి పెద్దల పోషణలో ఎదిగే మొక్క. ఈ సంగతి వదిలేసి ఓపిక ఒక్కటే పట్టుకోవడం వల్ల, ఆసరా లేని పిల్లాడికి కూడా 'ఓపిక పట్టు, నీ టైమ్ వస్తుంది' అని చెప్పి తప్పుకునే వీలు దొరుకుతుంది.

ఎండను దాటేది ఎలా

తట్టుకోవడం అంటే ఏమిటో చూడాలంటే చైనా దాకా పోనక్కర్లేదు. విజయవాడ పక్కనే కొండపల్లి కొండలున్నాయి. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు అలాంటి ఎండు కొండల మీద పెరిగేదే. ఎండాకాలం వచ్చేసరికి అది ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతుంది, నేలలో కొత్త నీరు లేదు. అందుకే ఖర్చు ఆపేస్తుంది. రాల్చడం కూడా గుడ్డిగా జరగదు. ఆకు రాలే ముందు అందులోని నత్రజని, భాస్వరాల్లో చాలా భాగాన్ని, సుమారుగా చెప్పాలంటే సగాన్ని, చెట్లు వెనక్కి లాక్కుంటాయి. కింద పడేది ఖాళీ చేసిన ఆకు.

తేలిక కలప ఉన్న ఇలాంటి ఆకురాల్చే చెట్లకు ఇంకో సౌకర్యం ఉంది. కాండమే నీటి గిడ్డంగిగా పనికొస్తుంది. కొండపల్లి బొమ్మల కళాకారులు కొయ్యను చెక్కే ముందు సన్నని సెగ మీద ఉంచి తడి ఆర్చడం మామూలు. లేత చేతులకు కూడా బరువనిపించని ఆ బొమ్మ తేలికదనం, చెట్టు ఎండాకాలం దాటడానికి చేసుకున్న ఏర్పాటులో భాగమే. గట్టి కలప చెట్లలో ఇంత నీరు పట్టదు. అవి వేళ్లు లోతుకు దించడం లాంటి వేరే దారులు వెతుక్కుంటాయి.

చెరువుల్లో కొరమీను ఇదే లెక్క మరో రకంగా చేస్తుంది. మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం కూడా దానికి ఉంటుంది. చెరువు ఎండి అడుగున బురద మిగిలినా, ఒంటికి తడి తగులుతున్నంత కాలం ఆ బురదలోనే కదలకుండా పడి ఉంటుంది. ఒంట్లో కొవ్వు కరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. బజారులో గంటల తరబడి తొట్టిలో ప్రాణంతో కొట్టుకుంటూ ఎక్కువ ధర పలికేది కూడా ఈ గుణం వల్లే. గడ్డుకాలం దాటించే ఏర్పాటు మనిషి చేతికి చిక్కాక దానికి పనికి రాకపోవడం వేరే సంగతి.

ఈ రెండింటిలోనూ పట్టుదల లాంటి మానసిక బలం ఏమీ లేదు. వానలున్నప్పుడు నిల్వ, వాన లేనప్పుడు పొదుపు. నిల్వ లేని చోట ఎంత పట్టుదలైనా ఏం చేయగలదో ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువులో జనం చచ్చిపోయింది ఓర్పు లేక కాదు. వానలు పోయాయి, పక్కనే కృష్ణ పారుతున్నా పొలాలకు మళ్లించే కట్ట లేదు, గాదెల్లో గింజ లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా పంటకు నదితో ముడి పడింది. దాని స్థానంలో వచ్చిందే 1957 నాటి ప్రకాశం బ్యారేజీ.

మినుము మొక్క పెట్టే షరతు

ఇక రెండో సగం, ఔదార్యం. దీనికి తెనాలి వైపు మాగాణి పొలాలకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లుతారు. కోత అయ్యాక మిగిలిన తడితో, మంచుతో ఆ పంట పండుతుంది. మినుము రకాల్లో చాలా వాటి పేర్లకు ముందుండే ఎల్‌బీజీ అనే అక్షరాలు గుంటూరు పక్కనున్న లాం పరిశోధన కేంద్రం గుర్తు.

నెల రోజుల మినుము మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా పెకిలించి కడిగితే వేళ్లకు ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే అవి పని చేస్తున్నట్టు. పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే పని ఆగిపోయినట్టు. లోపల ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగలిగేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క చక్కెర పెడుతుంది. బడిపుస్తకాల్లో పరస్పర సహకారం అని చదివేది దీన్నే.

పుస్తకం చెప్పని ముక్క ఒకటుంది. 2003లో సోయా చిక్కుడు మీద ఒక ప్రయోగం అచ్చయింది. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలో నత్రజని లేకుండా చేసి, బ్యాక్టీరియా ఏమీ ఇవ్వలేని స్థితి కల్పించారు. మొక్క ఊరుకోలేదు. ఆ బుడిపెల్లోకి ప్రాణవాయువు అందడం తగ్గిపోయింది, బ్యాక్టీరియా సంతతి దాదాపు సగానికి పడిపోయింది. ఇవ్వనివాడికి సరఫరా కట్. ఇంకో సంగతి రైతులకు తెలిసిందే. నత్రజని ఎరువు దండిగా వేసిన నేలలో పప్పుజాతి మొక్కలు బుడిపెలు తక్కువ వేస్తాయి. చేతిలో ఉన్నప్పుడు భాగస్వామి మీద ఖర్చు పెట్టవు.

అంటే ఈ స్నేహం లేమిలో గట్టిపడుతుంది, కలిమిలో సడలుతుంది. పర్వతాల మీది మొక్కల్లోనూ ఇదే ధోరణి కనపడింది. ప్రపంచంలో పదకొండు చోట్ల చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కింది వాలుల్లో పక్కపక్క మొక్కలు ఒకదాని ఎదుగుదలను మరొకటి అడ్డుకున్నాయి. చలి, గాలి ఎక్కువైన పై ఎత్తుల్లో అలాంటి పొరుగు మొక్కలే ఆసరా అయ్యాయి. కింద వెలుతురు కోసం, నీటి కోసం పోటీ. పైన గాలికి అడ్డుగా ఎవరున్నా మేలే.

చెట్లు తిండి పంచుకుంటాయా

ఎక్కువ గందరగోళం ఈ విషయంలోనే. 1997లో కెనడా అడవుల్లో అటవీ శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ బృందం చేసిన ప్రయోగం దీనికి మూలం. బర్చ్, డగ్లస్ ఫర్ అనే రెండు రకాల చెట్ల మొక్కలకు గుర్తు పట్టగల కార్బన్ అందించి చూస్తే, అది ఒకదాని నుంచి మరొకదానికి చేరింది. నీడ పడి నీరసించిన ఫర్ మొక్కకు ఎక్కువ చేరింది. వేళ్లను కలిపే శిలీంధ్రాల దారాల వల్లే అలా జరిగి ఉంటుందని వివరించారు. అక్కడి నుంచి 'తల్లి చెట్టు పిల్లలకు పాలిస్తుంది' దాకా కథ పెరిగిపోయింది.

2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, జనంలో ప్రచారమైనంత ఘనంగా రుజువులు లేవని తేల్చారు. ఆ ముగ్గురిలో ఒకరైన మెలనీ జోన్స్ 1997 ప్రయోగంలోనూ భాగస్వామి కావడం గమనించాలి. కార్బన్ కదలడం అబద్ధమని వాళ్లు అనలేదు. నిజమైన అడవిలో అది శిలీంధ్రం దారాల గుండానే పోయిందా, మట్టి గుండానా, పోయినది ఎదిగే మొక్కకు లెక్కలోకి వచ్చేంత ఉందా అన్నవి తేలలేదన్నారు. పైగా మధ్యలో ఉన్న శిలీంధ్రం ఉచిత పైప్‌లైన్ కాదు. దాని తిండి దానికి కావాలి, ఎవరి దగ్గర లాభం ఉంటే అటు మొగ్గుతుంది. ఈ పాఠాన్ని క్లాసులో చెప్పాలనుకునేవాళ్లు ప్రస్తుతానికి ఆగడమే మంచిది. మినుము వేరు చూపిస్తే సరిపోతుంది, అది కళ్ల ముందు ఉంది.

గబ్బిలాల చేబదులు

జంతువుల్లో ఔదార్యానికి బాగా పరీక్షకు నిలిచిన ఉదాహరణ, చెప్పుకోవడానికి అంత అందంగా ఉండదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పశువుల నెత్తురు తాగి బతికే రక్తపిశాచి గబ్బిలాలవి. మన చింతచెట్లకు వేలాడే పండ్ల గబ్బిలాలకూ వీటికీ సంబంధం కలపకూడదు. వీటికి రెండు మూడు రాత్రులు వరసగా తిండి దొరక్కపోతే చావే. దొరకని రాత్రులు మామూలే. అలాంటప్పుడు కడుపు నిండినది ఆకలితో ఉన్నదాని నోట్లోకి నెత్తురు కక్కి పెడుతుంది. కోస్టారికాలో గమనించిన ఈ సంగతిని శాస్త్రవేత్త జెరాల్డ్ విల్కిన్సన్ 1984లో ప్రచురించారు.

ఇది ఇరుగుపొరుగుల చేబదులు లాంటిదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఎవరు ఎవరికి పెడతారన్నది రక్తసంబంధం కంటే, అంతకుముందు ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి ఎక్కువగా తేలింది. 2017లో వచ్చిన ఫలితం ఇంకా ఆసక్తికరం. ఆకలితో ఉన్న ఆడ గబ్బిలానికి మామూలుగా తిండి పెట్టే ముఖ్యమైన బంధువును పరిశోధకులు పక్కకు తీసేశారు. అంతకుముందు బంధువులు కానివాటికి కూడా పెట్టి ఉన్నవి ఆ లోటును మెరుగ్గా తట్టుకున్నాయి. సొంతవాళ్లకే పెట్టుకున్నవి ఎక్కువ నష్టపోయాయి. ఒక కుటుంబం మొత్తం ఒకే వీధిలో, ఒకే వరదలో ఉన్నప్పుడు బంధువుల సాయం ఎందుకు చాలదో ఊహించుకోవడం కష్టం కాదు.

ఒకే గూటిలో ఒకే చేప

లేమి ఎప్పుడూ చేయి కలిపిస్తుందనుకుంటే గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువు చూడాలి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇంకా రకరకాల నీటిపక్షులు అక్కడ చెట్ల మీద కిక్కిరిసి గూళ్లు కడతాయి. దూరం నుంచి చూస్తే కలిసిమెలిసి ఉండటానికి ఇంతకంటే బొమ్మ దొరకదు. గుంపులో ఉంటే కాకి, గద్ద తన గూటి మీదే పడే అవకాశం తగ్గుతుంది. అందువల్ల గూళ్లు దగ్గరవుతాయి.

గూటి లోపలి కథ వేరు. తెల్లకొంగల జాతుల్లో గుడ్లు ఒక్కసారే పొదగబడవు, రోజుల తేడాతో పిల్లలు బయటికి వస్తాయి. ముందు పుట్టినది బలంగా ఉంటుంది, తర్వాతి దాన్ని ముక్కుతో పొడిచి పొడిచి తిండికి రానివ్వదు. ఆహారం చాలకపోతే చివరి పిల్ల చనిపోతుంది. తల్లి పక్కనే ఉండి కూడా సాధారణంగా అడ్డుపడదు.

రక్తసంబంధం అక్కడా ఉంది, లేమి అక్కడా ఉంది. మినుము వేరుకూ కొంగ గూటికీ తేడా ఎక్కడంటే, మొక్క దగ్గర చక్కెర ఉంది, బ్యాక్టీరియా దగ్గర నత్రజని ఉంది. ఎవరికి లేనిది ఎదుటివారి దగ్గర ఉంది. కొంగ పిల్లలిద్దరికీ కావలసింది అదే చేప. గబ్బిలాల విషయంలో ఇద్దరి అవసరం ఒకటే అయినా రాత్రులు వేరు. ఇవాళ నాకు దొరికింది, రేపు నీకు. అందరికీ ఒకే రాత్రి తిండి కరువైతే ఆ పద్ధతి కూడా నిలవదు.

సింగ్‌నగర్‌లో జరిగింది

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక ప్రాంతాలను ముంచాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద కిందికి పోయింది. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. కొన్ని కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు.

పైన చెప్పుకున్న తేడా అక్కడ స్పష్టంగా కనిపించింది. కింది ఇల్లు మునిగినవాళ్లకు పై అంతస్తువాళ్లు చోటిచ్చారు. ఒకరి దగ్గర గ్యాస్ సిలిండర్ ఉంది, ఒకరి దగ్గర బియ్యం తడవకుండా మిగిలాయి. మునగని ఊళ్ల నుంచి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్లు లారీల్లో వచ్చాయి. ముఖం తెలియనివాళ్లకు, తిరిగి ఎప్పటికీ కలవనివాళ్లకు పంపినవి ఇవి. గబ్బిలాల లెక్క దీనికి సరిపోదు. ఇక్కడ మనిషి ప్రకృతి నుంచి నేర్చుకున్నదాని కంటే దాన్ని దాటి వెళ్లిందే ఎక్కువ. అదే సమయంలో, అందరికీ కావలసింది ఒక్కటే అయిన చోట, అంటే పడవలో చోటు దగ్గర, ప్రైవేటు పడవలవాళ్లు డబ్బు గుంజారన్న ఫిర్యాదులు వచ్చాయి.

అప్పట్లో పదే పదే వినిపించిన మరో మాట, మెయిన్ రోడ్డు దగ్గరున్నవాళ్లకే పొట్లాలు అందుతున్నాయి, లోపలి వీధులకు రావడం లేదని. ఇచ్చేవాళ్లకు కొరత లేదు, తిండికీ పెద్దగా కొరత లేదు. డ్రోన్లు, హెలికాప్టర్లు కూడా పెట్టారు. అయినా చివరి అరకిలోమీటరు దాటలేదు.

చీమలు ఈ పనిని వేరే విధంగా చేస్తాయి. చీమకు రెండు పొట్టలు. ఒకటి తన కోసం, రెండోది పుట్ట కోసం మోసుకొచ్చే ద్రవాహారానికి. బయటికి వెళ్లినది పుట్టలోని ప్రతి చీమ దగ్గరికీ వెళ్లదు. గుమ్మం దగ్గర కొన్నిటికి నోటితో అందించి మళ్లీ వెళ్లిపోతుంది. అందుకున్నవి లోపలివాటికి, అవి ఇంకా లోపలివాటికి. 1950ల్లో రేడియోధార్మిక అయోడిన్ కలిపిన తేనెతో దీన్ని కొలిచి చూస్తే, కొన్ని చీమలు తెచ్చింది రెండు రోజులు తిరగకముందే దాదాపు పుట్టంతా పాకింది. అందుకున్నది తన దగ్గర ఆపుకోకుండా మళ్లీ చేతులు మార్చడం ఈ ఏర్పాటుకు ప్రాణం.

సింగ్‌నగర్ లోపలి వీధుల్లో ఆ పని చేసింది ఎక్కువగా ఆ వీధుల కుర్రాళ్లే. లారీ ట్యూబులు, థర్మాకోల్ షీట్లు కట్టుకుని మెయిన్ రోడ్డు దాకా ఈది వచ్చి, పొట్లాలు తీసుకుని వెనక్కి వెళ్లారు. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నారో, ఎక్కడ చంటిపిల్లకు పాలు కావాలో బయటి నుంచి వచ్చిన దాతకు తెలిసే దారి లేదు, వాళ్లకు తెలుసు. కాలనీకి ఇలాంటి నలుగురైదుగురి పేర్లు, ఫోన్ నంబర్లు, రెండు గాలి పడవలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. బుడమేరు గట్లు ఎత్తు పెంచడం గురించి జరిగినంత చర్చ మాత్రం దీని గురించి జరగలేదు.